కొండను కూడా లెక్కలో రాయి

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పక్కన మీ అమ్మ కూర్చుని ఉంది. "మారథానూ వద్దు, కొండలూ వద్దు, వేళకి తిని పడుకోమను" అని సైగలు చేస్తోంది. అందుకే ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను. ఇక్కడ రాజమండ్రిలో గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి గట్టు మీద పరిగెత్తి వచ్చాను. ఆరు దాటితే ఉక్కపోత భరించలేం.

నీ సమస్య నాకు అర్థమైంది. అక్కడ అమెరికాలో నవంబరులో జరిగే సియాటిల్ మారథాన్‌కి, అంటే 26 మైళ్ళ పైచిలుకు పరుగుకి, పేరు ఇచ్చేశావు. శనివారం వస్తే చాలు ఆఫీసు స్నేహితులు కొండలకి లాక్కుపోతున్నారు. ఆదివారం లాంగ్ రన్‌కి, అదే వారానికోసారి చేసే పొడుగు పరుగుకి, కాళ్ళు లేవడం లేదు. పైగా మోకాలు నొప్పి. ఈ రెండిట్లో ఏది మానెయ్యాలి అని అడిగావు.

ఏదీ మానక్కర్లేదు. నువ్వు లెక్క రాయడంలోనే తప్పు చేస్తున్నావు. నీ డైరీ ఫోటో పంపావు కదా, చూశాను. మంగళవారం 5 మైళ్ళు, గురువారం 6 మైళ్ళు, శనివారం "రెస్ట్, మౌంట్ సై". మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. మౌంట్ సై అంటే రానూపోనూ 8 మైళ్ళు, 3,150 అడుగుల ఎత్తు. ఎక్కినంతా దిగాలి కూడా. దాన్ని రెస్ట్ అని రాసుకుంటే మోకాలు ఊరుకుంటుందా?

నిన్ను అనే హక్కు నాకు పెద్దగా లేదులే. సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఉన్నప్పుడు నలభై ఒకటో ఏట నా మొదటి మారథాన్‌కి నేను చేసిన ఘనకార్యం విను. పందేనికి ఎనిమిది రోజుల ముందు, పరుగు తగ్గించిన వారం కదా, ఖాళీగా ఉన్నాను కదా అని మెయిల్‌బాక్స్ పీక్ అనే కొండని పాత దారిలో ఎక్కాను. ఇంచుమించు రెండున్నర మైళ్ళలోనే 4,000 అడుగులు లేస్తుంది ఆ దారి. పైన నిజంగానే ఒక తపాలా డబ్బా ఉంటుంది. దాని పక్కన నిలబడి ఫోటో దిగాను. ఊపిరి బాగుంది, గుండె బాగుంది, ఇక మారథాన్ ఎంత అనుకున్నాను. పందెం రోజు పద్దెనిమిదో మైలులో తొడలు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మిగిలిన ఎనిమిది మైళ్ళు నడక. ఎవరో పెద్దాయన నన్ను దాటుతూ "యూ ఆర్ డూయింగ్ గ్రేట్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పుడు తెలిసింది, కాళ్ళని దెబ్బతీసేది ఎక్కడం కంటే దిగడమే అని. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కష్టపడుతున్నామని తెలుస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే మన బరువును ఆపాలి, ప్రతి అడుగుకీ బ్రేకు వేసినట్టు. ఆ సాగుడులోనే కండరంలో సన్నని చిరుగులు పడతాయి. నొప్పి వెంటనే తెలియదు, మర్నాడో మూడో రోజో బయటపడుతుంది. కానీ దిగేటప్పుడు గుండె వేగం తక్కువే కాబట్టి నీ చేతి వాచీ "ఈజీ" అని చూపిస్తుంది. ఆ వాచీకి నీ గుండె సంగతి తెలుసు గానీ తొడల సంగతి తెలియదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి మైళ్ళు కాదు, గంటలు రాసుకో. పక్కనే ఎన్ని అడుగులు దిగావో రాయి. నేను పెట్టుకున్న లెక్క ఇది: 2,500 అడుగుల పైన దిగిన రోజు బరువైన రోజు. అది లాంగ్ రన్‌తో సమానం. ఆ వారంలో స్పీడ్ పరుగులు ఉండవు. మర్నాడు పరుగు ఉంటే గంట లోపు, చదును నేల మీద, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకోగలిగినంత నెమ్మదిగా. రాటిల్‌స్నేక్ లెడ్జ్ లాంటి చిన్న కొండ అయితే, అక్కడి ఎత్తు వెయ్యి అడుగుల పైచిలుకే కాబట్టి, దాన్ని మామూలు రోజు కింద రాసుకో.

అలాగని కొండ పరుగుకి శత్రువు కాదు. అప్పుడప్పుడు దిగుతూ ఉంటే తొడలు ఆ దెబ్బకి అలవాటు పడతాయి, రెండోసారి నొప్పి బాగా తగ్గుతుంది. సియాటిల్‌లో వీధులకి ఎక్కుదిగుళ్ళు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల మీద హాఫ్ మారథాన్ చేసినదానివి, నీకు చెప్పాలా?

ఇక ఏ రోజు ఏది చెయ్యాలి అనేది. దీనికి అక్కడి వెలుతురే క్యాలెండరు. మన ఊళ్ళో ఎండాకాలానికీ చలికాలానికీ పొద్దుగుంకే వేళలో గంట, గంటన్నర తేడా. అక్కడ అలా కాదు. జూలైలో రాత్రి తొమ్మిది దాకా వెలుగే. అక్టోబరు మొదటికి ఏడు లోపే చీకటి. నవంబరులో అక్కడి పద్ధతి ప్రకారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాక అయిదు కాకుండానే దీపాలు. చాలామంది ఏడాది పొడుగునా ఒకే టైంటేబుల్ పట్టుకుని వేలాడి విసిగిపోతారు.

ఇప్పుడు, అంటే ఆగస్టు చివరిదాకా, నీ లాంగ్ రన్ 10, 12 మైళ్ళే. దాన్ని బుధవారం సాయంత్రానికి మార్చు. అయిదున్నరకి మేరీమూర్ పార్కు దగ్గర మొదలుపెట్టి సమామిష్ నది వెంట బోథెల్ వైపు వెళ్ళి సగంలో తిరిగి రా. ఆ దారి మొత్తం 10 మైళ్ళు, అంతా చదును. చీకటి పడేలోపు ఇంట్లో ఉంటావు. శనివారం కొండకి, ఆదివారం నిజమైన రెస్ట్. నిజమైన రెస్ట్ అంటే బట్టలు ఉతుక్కోవడం, మీ అమ్మకి ఫోన్ చెయ్యడం.

సెప్టెంబరు నుంచి లెక్క తిరగబడుతుంది. లాంగ్ రన్ 15 మైళ్ళు దాటుతుంది, అది ఆఫీసు అయ్యాక కుదరదు. అప్పుడు శనివారం పొద్దున పరుగు, ఆదివారం చిన్న హైక్. పెద్ద కొండ నాలుగు వారాలకోసారి, నీ ప్లాన్‌లో దూరం తగ్గించే వారం వస్తుంది కదా, ఆ వారం మాత్రమే. ఆ వారం లాంగ్ రన్ తీసేసి ఆ చోట కొండ పెట్టు. రెండూ పెట్టకు.

ఇక్కడే లార్చ్ చెట్ల సంగతి చెప్పాలి. సూదుల్లాంటి ఆకులుండే చెట్లే గానీ, శీతాకాలం ముందు బంగారు రంగుకి తిరిగి రాలిపోతాయి. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా, అదీ ఎత్తు మీదే. వాటిని చూడటానికి వెళ్ళే మేపుల్ పాస్ లూప్ అనే కొండ దారి 7 మైళ్ళ పైచిలుకు, 2,000 అడుగుల ఎత్తు. ఒక్కసారి చూస్తే ఏటా వెళ్ళాలనిపిస్తుంది. సరిగ్గా మారథాన్ శిక్షణ బరువెక్కే రోజుల్లోనే వస్తుంది అది. ఒక ఏడాది నేను 16 మైళ్ళ పరుగు కోసం దాన్ని వదులుకున్నాను. ఆ పరుగు ఎలా సాగిందో ఇప్పుడు ఒక్క అడుగు కూడా గుర్తులేదు. లార్చ్‌లు చూడలేదన్నది గుర్తుంది. కాబట్టి ఇప్పుడే క్యాలెండర్ తీసి, తగ్గించే వారం అక్టోబరు మొదటి వారంలో పడేలా ప్లాన్‌ని ఒక వారం అటో ఇటో జరుపు. వెళ్ళడానికే మూడు గంటల డ్రైవింగ్, శనివారం దారి పొడుగునా కార్లే. వీలైతే శుక్రవారం సెలవు పెట్టు.

పందేనికి ముందు నాలుగు వారాలు మాత్రం నిటారు దిగుళ్ళు బొత్తిగా వద్దు. ఎవరు పిలిచినా సరే. స్నేహితులు "ఈ ఒక్కసారికి" అంటారు. అప్పుడు ట్రెయిల్‌కి, అంటే కొండ దారికి కాదు, వాళ్ళు దిగి వచ్చాక భోజనానికి వెళ్ళు. పులిహోర నువ్వే చేసి తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనరు.

పులిహోర అంటే గుర్తొచ్చింది. పరుగు మధ్యలో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్లు అక్కడి దుకాణాల్లో ఖరీదు, పైగా రెండు తిన్నాక నాకు కడుపులో తిప్పేది. రెండు పెద్ద మెడ్జూల్ ఖర్జూరాల్లో 35 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. గంట పైన పరుగుకి గంటకి 30 నుంచి 60 గ్రాములు కావాలంటారు, అది దాంతోనే చాలావరకు తీరుతుంది. గింజలు తీసి ఉప్పు అద్దుకుని జేబులో వేసుకో. కొండ మీదకి పులిహోర, వేరుశనగ చిక్కీ. చింతపండు, నూనె, ఉప్పు ఉన్న అన్నం సాయంత్రం దాకా పాడవదు. ఇంకో మాట, మనది శాకాహారం, పైగా నెలనెలా రక్తం పోయే ఆడవాళ్ళం. ఐరన్, బి12, డి విటమిన్ ఒకసారి పరీక్ష చేయించు. చలికాలంలో అక్కడి ఎండ డి విటమిన్‌కి చాలదు. మూడేళ్ళు నేను అలసటని వయసు అనుకున్నాను, తీరా చూస్తే ఐరన్ లేదు. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పాకే వేసుకో.

ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవులు తగలబడితే పొగ వస్తుంది. 2020 సెప్టెంబరులో వారం పైన కిటికీ తీయలేదు మేము. గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 150 దాటితే పరుగూ వద్దు, కొండా వద్దు. "హైదరాబాద్ ట్రాఫిక్‌లో పెరిగినదాన్ని" అని నాతో వాదించకు.

ఇక జాగ్రత్తలు. నీకు తెలిసినవి వదిలేస్తాను. సియాటిల్‌లోనే పుట్టిన మౌంటెనీర్స్ అనే పర్వతారోహకుల సంఘం తయారుచేసిన పది అవసరాల (టెన్ ఎసెన్షియల్స్) జాబితా ఉంది, దాన్ని బ్యాగులో పెట్టుకునే సామాను విషయంలో పాటించు. ముఖ్యంగా హెడ్‌ల్యాంపు. ఫోను లైటుని నమ్ముకుని చీకట్లో దిగినవాళ్ళని చాలామందిని చూశాను. కాటన్ టీషర్టు వేసుకోకు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది.

నువ్వు చేసే ఒక పొరపాటు నాకు తెలుసు. "ఫలానా కొండకి వెళ్తున్నా" అని మీ అమ్మకి వాట్సాప్ పెడతావు. అమ్మకీ నీకూ గడియారంలో పన్నెండున్నర గంటల తేడా. నువ్వు తిరిగి రాకపోతే ఆవిడ ఇక్కడ నుంచి అక్కడి అత్యవసర నంబరు 911కి చెయ్యలేదు, రాత్రంతా కూర్చుని ఏడవడం తప్ప. అక్కడే ఉండే ఒకరికి చెప్పు. ట్రెయిల్ పేరు, కారు ఎక్కడ పెడతావో, ఏ గంట దాటితే 911కి చెయ్యాలో, ఈ మూడూ రాసి పంపు. సగం ట్రెయిల్స్‌లో సిగ్నలే ఉండదు. వెతకడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వాలంటీర్లే. వాళ్ళకి ఎక్కడ వెతకాలో తెలియాలి కదా.

నీళ్ళ దగ్గర మాత్రం నాకు భయం. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు పిల్లలు పోయారు, చదువుకోవడానికి వెళ్ళినవాళ్ళు. గోదావరిలో ఈత నేర్చుకున్నానన్న ధైర్యం అక్కడ పనికిరాదు. మంచు కరిగిన నీళ్ళల్లో పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు, ఈత వచ్చినవాళ్ళకి కూడా. ఫోటో కోసం తడి రాయి ఎక్కకు.

కూగర్, అంటే అక్కడి కొండల్లో తిరిగే పెద్ద అడవి పిల్లి, కనిపిస్తే మాత్రం పరిగెత్తకు. నీ వేగం దానికి లెక్కే కాదు, పైగా పరిగెత్తేదాన్ని వెంటాడటం దాని స్వభావం. దాని వైపే చూస్తూ, చేతులు పైకెత్తి పెద్దగా అరుస్తూ నెమ్మదిగా వెనక్కి జరుగు. దాడులు చాలా అరుదే గానీ, 2018లో నార్త్ బెండ్ ప్రాంతంలో ఒక సైక్లిస్టు దాని చేతిలో చనిపోయాడు. ట్రెయిల్ మీద పరిగెత్తేటప్పుడు రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టకు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏదో చెప్పనా? కొండ దిగాక డ్రైవింగ్. రాటిల్‌స్నేక్ లేక్ దగ్గర పార్కింగ్ దొరకదని తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు, నాలుగైదు గంటలు నడుస్తారు, కడుపునిండా తిని కారెక్కుతారు. ఐ-90 హైవే మీద నాకు ఒకసారి రెప్ప పడింది. రోడ్డు అంచున గరుకుగా చెక్కిన గీతల మీద చక్రాల చప్పుడుకి మెలకువ వచ్చింది. ఆ రోజు కార్లో మీ పెదనాన్న కూడా ఉన్నారు, ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం ఆయనకి చూపించకు. దిగాక కార్లోనే ఇరవై నిమిషాలు పడుకుని బయలుదేరు.

చివరగా నీ మోకాలు. రెండు తొడలూ సమానంగా నొప్పెట్టి, మూడు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. ఒక్క వైపే, ఒక్క చోటే, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి వేరు. మోకాలి బయటి పక్కన, దిగేటప్పుడు పొడిచినట్టు ఉంటే రెండు వారాలు దిగుళ్ళు ఆపు, ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళు. కాలి ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి ఉంటే మాత్రం పరుగు ఆ రోజే ఆపి డాక్టరుకి చూపించు.

నీకు ఎక్కడ నొప్పి? లోపలి పక్కా, బయటి పక్కా, చిప్ప కిందా? ఫోన్లో "మోకాలు" అన్నావు అంతే. సాయంత్రం మెట్లు దిగి చూసి రాయి. అమ్మ లేనప్పుడు ఫోన్ చేసినా సరే, రోజూ పొద్దున ఏడింటికి ఆవిడ గుడికి వెళ్తుంది, మీకు ముందురోజు సాయంత్రం ఆరున్నర.

ఆశీస్సులతో,
పెద్దమ్మ