నల్ల మచ్చ కనిపిస్తే కణాలు బతికున్నట్టేనా?

వెన్నుపాము గాయపడిన ఎలుకలకు ఎంఆర్‌ఐలో కనిపించేలా ఐరన్ ఆక్సైడ్ (ఇనుము) లేబుల్ వేసిన మానవ మూలకణాలు ఎక్కించారు. ఆరు వారాలైనా ఎంఆర్‌ఐలో నల్ల మచ్చ పోలేదు, అంటే కణాలు బతికున్నట్టేనా అని కదా మీ ప్రశ్న? అప్పుడే సంబరపడకండి. ఎంఆర్‌ఐ చూపించేది ఇనుమును, కణాన్ని కాదు. కణం చచ్చిపోయినా దాని ఇనుమును చెత్తను ఊడ్చే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు మింగి అక్కడే ఉండిపోతాయి. పైగా గాయంలో చేరిన రక్తం ఇనుమున్న పదార్థమైన హీమోసిడెరిన్‌గా మారి, ఇనుమును బాగా పట్టే ఎంఆర్‌ఐ పద్ధతి అయిన టీ2 స్టార్ స్కాన్‌లో అచ్చం అలాగే నల్లగా కనిపిస్తుంది.

తర్వాతి బ్యాచ్‌లో కణాలు ఎక్కించే ముందే ఒక స్కాన్ తీసి పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, లేబుల్ వేసిన కణాలను చంపి, అదే సంఖ్యలో కొన్ని ఎలుకలకు ఎక్కించడం. వాటిలోనూ మచ్చ నిలిస్తే, బతుకు గురించి అది ఏమీ చెప్పనట్టే. (మచ్చ మాయమైనా చావే అనుకోకండి, కణాలు విభజన చెందే కొద్దీ లేబుల్ పలచబడుతుంది.)

బతుకు తెలియాలంటే మిణుగురు లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) జన్యువు పెట్టిన కణాలు వాడాలి. ఆ వెలుగుకు ఏటీపీ (బతికున్న కణం తయారుచేసుకునే ఇంధనం) కావాలి కాబట్టి చచ్చిన కణం వెలగదు. కాకపోతే ఎముక, కండ దాటేసరికి వెలుగు చెదిరిపోతుంది. ఎక్కడున్నాయో కచ్చితంగా చూడ్డానికి ఎంఆర్‌ఐ ఉండాల్సిందే.

చివర్లో కణజాలాన్ని పలుచగా కోసి చూసేటప్పుడు ప్రష్యన్ బ్లూ (ఇనుమును నీలంగా చూపే రంగు) ఒక్కటే వేసి ఆపకండి, హీమోసిడెరిన్ కూడా నీలంగానే కనిపిస్తుంది. పక్క సెక్షన్లకు (పలుచని కోతలకు) మానవ కణాలను గుర్తించే మానవ కేంద్రక యాంటీబాడీ, మాక్రోఫేజ్‌లను గుర్తించే సీడీ68 యాంటీబాడీ కూడా వేయండి. నీలం సీడీ68 ఉన్నచోటే పడుతోందంటే మీరు చూస్తున్నది చాలావరకు మాక్రోఫేజ్‌లనే.