షీహ్ నూనె షుగర్‌కి తాగొచ్చా?

గల్ఫ్ నుంచి మీ బావగారు తెచ్చిన షీహ్ నూనెని, షుగర్ తగ్గడానికి మీ నాన్నగారికి రోజూ రెండు చుక్కలు నీళ్లలో వేసి ఇవ్వొచ్చా అని అడిగారు. వద్దండి. రియాద్‌లో సుగంధ తైలాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసినప్పుడు ఈ నూనెని చాలాసార్లు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

షీహ్ అంటే ఆర్టిమీసియా హెర్బా-ఆల్బా. ఎడారి నేలల్లో పెరిగే బూడిదరంగు పొద. మన మాచిపత్రి, దవనం దీని దగ్గరి చుట్టాలే. అరబ్బులు కడుపునొప్పికి, నులిపురుగులకు, షుగర్‌కి దీన్ని వాడతారు, నిజమే. కానీ వాళ్లు తాగేది ఆకు కాచిన నీళ్లు. ఎలుకల మీద, కుందేళ్ల మీద షుగర్ కోసం చేసిన ప్రయోగాలు కూడా ఎక్కువగా అలాంటి నీటి సారంతోనే. ఆవిరి పట్టి తీసిన నూనె వేరు. గాలిలో కలిసిపోయే గుణమున్నవే అందులోకి వస్తాయి. చేదు పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు అనే ఆకు రసాయనాలు అడుగున ఆకుతోనే ఉండిపోతాయి. పైగా వంద గ్రాముల ఎండాకుకి వచ్చేది గ్రాము అటూ ఇటూ నూనే. రెండు చుక్కలంటే తక్కువేం కాదు.

అసలు చిక్కు ఇంకోటుంది. మొరాకో నుంచి ఒకే పేరుతో వచ్చిన రెండు శాంపిళ్లని జీసీ-ఎంఎస్‌లో (నూనెలోని పదార్థాలని ఒక్కొక్కటిగా విడదీసి గ్రాఫులో చూపే యంత్రం) పెడితే, ఒకదాంట్లో థుజోన్ అనే పదార్థం, కర్పూరం పీకులు, అంటే గ్రాఫులో వాటి శిఖరాలు, మొదట్లోనే ఆకాశానికి లేచాయి. రెండోదాంట్లో అవి నామమాత్రం. చాలాసేపటికి డావనోన్ అనే పదార్థం వచ్చింది, మన దవనం నూనెలో ముఖ్యమైనది అదే. మొక్క ఒకటే, పెరిగిన చోటుని బట్టి నూనె మారిపోతుంది. రంగు చూసి, వాసన చూసి ఎంత శాతమో ఎవరూ చెప్పలేరు, అమ్మేవాడు ఎంత ప్రమాణం చేసినా సరే.

థుజోన్ మెదడులో గాబా (మెదడు ఉద్రేకాన్ని అదుపులో ఉంచే రసాయనం) పనిని అడ్డుకుంటుంది. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. కర్పూరం లోపలికి వెళ్లినా అంతే, పిల్లలకైతే మరీ ప్రమాదం. బ్యాక్టీరియాని, బూజుని ఈ నూనె చంపుతుందన్నది అబద్ధం కాదు, కాకపోతే అది ల్యాబ్‌లో వాటిని పెంచే ప్లేటులో. మనిషి రక్తంలో షుగర్ సంగతి దానితో తేలదు.

నాన్నగారి మాత్రలు మాత్రం ఆపకండి. ఇప్పటికే కొన్నాళ్లు ఇచ్చి ఉంటే డాక్టరుగారికి ఆ సీసా చూపించండి. ఫిట్స్ చరిత్ర ఉంటే అదీ చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసా అందని చోట పెట్టండి.