చిన్నీకి, నోటుబుక్కుల గురించి

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నీ ఏడో తరగతి పిల్లల చేత కథల నోటుబుక్కులు పెట్టిస్తున్నావని చెప్పాడు. ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చదువుతారట, చదివాక అనిపించింది రాస్తారట, బాగా రాసినవి నువ్వు ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతావట. మొదటి రెండు మాటలకు మా చిన్నీయేనా అని పొంగిపోయాను. మూడోది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు తెలిసిన సంగతులు తొందరగా చెప్పేస్తా. బీరువా తాళం తీసి ఉంచు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఏం రాయాలని మీ హెడ్మాస్టరు గొణుగుతారు, గొణగనీ. పుస్తకాలు చాలకపోతే, పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, ప్రింట్ తీసుకో. పిల్లలు చదివేటప్పుడు నువ్వూ ఒక పుస్తకం పట్టుకుని కూర్చో. హాజరు పట్టీ కాదు, పుస్తకం.

చదివిన ప్రతిదాని గురించీ రాయమనకు. బేతాళుడంతటివాడే కథకు ఒక్క ప్రశ్నతో ఊరుకున్నాడు. మనం పుస్తకం పేరు, రచయిత, ముఖ్య పాత్రలు, సారాంశం, నీతి అంటూ వరస పెడతాం, చెప్పకపోతే తల వేయి వక్కలన్నంత పని చేస్తాం. మార్కులు వేసే ఫార్మేటివ్ పరీక్షలకు పుస్తక సమీక్ష రాయించాలి కాబట్టి ఆ వరస నేర్పక తప్పదు, దానికి వేరే కాగితాలు పెట్టు. ఈ నోటుబుక్కులో మాత్రం నీకు ఉత్తరం రాయమను. ఎవరి మీద కోపం వచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, నువ్వైతే ఏం చేసేదానివి అని అడుగు. ఏమీ రాయలేనివాడు నచ్చిన వాక్యం ఒక్కటి ఎత్తిరాసినా చాలు.

ఇక నేను చేసిన పని విను. ఇది మీ నాన్నకు కూడా తెలీదు.

1995లో ఒక పల్లె బడిలో ఆరో తరగతికి తెలుగు చెప్పేదాన్ని. నీలాగే నోటుబుక్కులు పెట్టించాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతె కాకి–పిచ్చుక కథ చదివింది. వానకు కాకి ఇల్లు కొట్టుకుపోతే, పిచ్చుక తలుపు తియ్యకుండా ఏదో ఒక వంక చెబుతుందే, అదే. అందరూ "నీతి: ఇల్లు గట్టిగా కట్టుకోవాలి" అని రాశారు. ఈ పిల్ల రాసింది: "పిచ్చుకది తప్పు. మేము గూడ వానలో మామ ఇంటికి పోయినం. అత్త తలుపు జల్ది తియ్యలే. అమ్మ తడిసింది."

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెప్పనా, పిల్ల మీద జాలి కంటే నా మీద నాకు గర్వం ఎక్కువైంది. చూశారా, నేను ఎలా రాయించానో అని. మర్నాడు ప్రార్థన అయ్యాక బడి మొత్తానికీ చదివి వినిపించాను, చప్పట్లు కూడా కొట్టించాను. ఆ మామ కూతురు ఎనిమిదో తరగతి వరసలో నిలబడి ఉందన్న సంగతి నాకు తెలీదు. కనుక్కోవాలని కూడా తోచలేదు.

రెండు రోజులకు వాళ్లమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. గుమ్మం బయటే నిలబడి, "మా ఇంటి ముచ్చట అందరికీ చదివిండ్రట గద టీచరమ్మా" అని, ఒక్క నిమిషం ఆగి వెళ్లిపోయింది. కూర్చోమని కూడా అనలేకపోయాను. తరవాత నోటుబుక్కు నా బల్ల మీదికి వచ్చేసరికి ఆ పేజీ లేదు. చింపిన చోట అంచు మిగిలింది. దాని కింద, ఏడాది పొడవునా, పుస్తకం పేరు, రచయిత, నీతి. నీట్‌గా, ఒక్క తప్పు లేకుండా. అలాంటి నోటుబుక్కుకు నేను పదికి పది వేశాను, ఇంకేం చేయాలో తెలియక.

అందుకని ఆ వాట్సాప్ మాట మరిచిపో. గోడ మీద పెట్టాలన్నా ముందు పిల్లను పక్కకు పిలిచి అడుగు, అందరి ముందూ అడిగితే కాదనలేదు. అలాగని ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయకు. దెబ్బలు తింటున్నట్టో, ఎవరో ఏదో చేస్తున్నట్టో రాస్తే నీ దగ్గరే దాచుకునే విషయం కాదది. హెడ్మాస్టరుకు చెప్పు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఈ తేడా మొదటి రోజే పిల్లలకు చెప్పు.

జవాబు రాయడం మాత్రం మానకు. నలభై మందికీ ఒకే రాత్రి రాస్తానని కూర్చోకు, నీ సంగతి నాకు తెలుసు, తిండి మానేస్తావు. రోజుకు ఎనిమిది చూస్తే వారానికి అయిపోతాయి. "వెరీ గుడ్" అని కాకుండా, వాళ్లు రాసిన దానికి ఒక మాట చెప్పు, ఇంకో మాట అడుగు. "బాద" అని రాస్తే ఎర్ర పెన్ను తియ్యకు. నీ జవాబులో "నాకూ బాధ వేసింది" అని రాయి, ఒత్తు వాళ్లే చూసుకుంటారు. "పోయినం" అని రాస్తే "వెళ్లాము" అని దిద్దావంటే మాత్రం నేనే బస్సెక్కి వస్తా.

మా ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా బాలల పుస్తకాలున్నాయి. కొన్నిటికి అట్టలు లేవు, అయినా చదవొచ్చు. ఆదివారం మీ నాన్నను ఆటో మాట్లాడుకుని రమ్మను, బండి మీద వద్దు, నడుము నొప్పి ఇంకా తగ్గలేదట కదా. నువ్వూ రా. గోంగూర పచ్చడి పెట్టాను.

మీ అత్తమ్మ