అన్నీ 5 స్టార్లే, మరి స్కోరు 82 ఎందుకయింది?

అమలాపురం నుంచి, ఫ్రీలాన్సర్లకి (ఉద్యోగం కాకుండా విడిగా పనులు చేసిపెట్టేవాళ్లకి) పనులు దొరికే అప్‌వర్క్ సైటులో లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తున్నానని, 11 కాంట్రాక్టులకీ 5 స్టార్లే వచ్చినా జాబ్ సక్సెస్ స్కోరు 100 నుంచి 82కి పడిపోయిందని అడిగారు. సైటు లెక్క తప్పలేదండీ. మీకు కనపడని రేటింగు ఇంకోటుంది.

కాంట్రాక్టు ముగించేటప్పుడు క్లయింటు రెండు చోట్ల అభిప్రాయం చెబుతాడు. స్టార్లు, కామెంటు బయటికి కనిపిస్తాయి. లోపల మాత్రం, ఈ మనిషి పని బాగుంటుందని ఇంకొకరికి చెబుతారా, 0 నుంచి 10లో ఎంత, అని అడుగుతారు. ఆ జవాబు మీకు చూపించరు. మొహమాటానికి 5 స్టార్లు కొట్టి, లోపల 4 వేసి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. బాగా ముగిసిన వాటిలోంచి చెడినవాటిని తీసేసి, మొత్తంతో భాగిస్తే వచ్చేదే స్కోరు. మీ 11లో 10 బాగా ముగిసి 1 చెడిందనుకుంటే, 10లోంచి 1 పోతే 9. దాన్ని 11తో భాగిస్తే 81.8. అంటే ఒక్క కాంట్రాక్టు చెడితే రెండు దెబ్బలు: మంచివాటిలో ఒకటి తగ్గింది, పైన ఇంకొకటి కోశారు. పెద్ద మొత్తాల కాంట్రాక్టులకి బరువు ఎక్కువ కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ, మీ అంకె దీనికి అతికినట్టుంది. ఇంకో 9 బాగా ముగిస్తే 19లోంచి 1 పోయి 18, దాన్ని 20తో భాగిస్తే 90. పైగా 6, 12, 24 నెలలకి విడివిడిగా లెక్కేసి, ఎక్కువ వచ్చిందే చూపిస్తారు. అందుకని పాత దెబ్బ కలకాలం ఉండదు.

క్లయింటు పేరు దాచడం తప్పని నేననను. భయం లేకపోతేనే నిజం చెబుతాడు. కానీ పని నాణ్యతా, ఆలస్యమా, మాట పొసగకపోవడమా, దేనివల్ల పోయిందో కనీసం తెలియాలి కదా. తెలియకపోతే దిద్దుకోవడం ఎలా? ఇంకో అన్యాయం, నచ్చని ఫీడ్‌బ్యాక్‌ని లెక్కలోంచి తీయించుకునే వీలు సైటు ఇచ్చే ‘టాప్ రేటెడ్’ హోదా ఉన్నవాళ్లకే ఉంది. ఆ హోదాకి 90 ఉండాలి. అవసరం ఉన్న మీకే అది అందదు. యూరోపియన్ యూనియన్‌లో 2019/1150 నిబంధన 2020 జూలై 12 నుంచి అమల్లో ఉంది; వ్యాపారులని ఏ ఆధారంతో ముందూ వెనకా చూపిస్తున్నారో సైట్లు చెప్పాలంటుంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 19000:2022 ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల రివ్యూల గురించి, అదీ స్వచ్ఛందం. ఫ్రీలాన్సరు స్కోరుకి అది అక్కరకు రాదు.

ఇక మీ చేతిలో ఉన్నది. ఎన్ని మార్పులు ఉచితమో (రెండు చాలు), ఏ ఫైళ్లు ఇస్తారో పని మొదలెట్టకముందే చాట్‌లో రాయండి. అంబాజీపేట కొబ్బరినూనె సీసాకి లేబుల్ అనుకోండి: సీసా చుట్టుకొలత మిల్లీమీటర్లలో, ప్రింటరుకి కావాల్సిన ఫార్మాట్, కత్తిరించే అంచు దాటి చుట్టూ డిజైన్ పొడిగించాల్సిన 3 మి.మీ. (బ్లీడ్), అన్నీ రాతలో ఉండాలి. గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. ముగించేముందు "ఇంకేమైనా మిగిలిందా?" అని ఒక్కసారి అడగండి. లోపల పడే 4 అక్కడే మాటగా బయటికొస్తుంది. స్టార్లు మాత్రం అడగొద్దు.

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అప్పటినుంచి రెండు గంటలు జవాబివ్వడానికి అట్టేపెట్టుకోండి. అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక రాగానే, కరెంటు పోయేదాకా ఆగకుండా, గడువు పెంచమని సైటులోనే అభ్యర్థన పెట్టండి. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు.

అదనపు పని చేయకపోతే చెడ్డ రివ్యూ ఇస్తానని బెదిరిస్తే అప్‌వర్క్‌లోనూ, అలాంటిదే ఇంకో సైటు ఫైవర్‌లోనూ అది నిబంధనలకి విరుద్ధం. ఆ మెసేజ్ చెరపకుండా సపోర్టుకి రిపోర్టు చేయండి. స్కోరు త్వరగా పెంచుకోవాలని స్నేహితుల చేత చిన్న కాంట్రాక్టులు ఇప్పించుకోవడం, రివ్యూలు కొనడం మాత్రం వద్దండీ. పట్టుబడితే అకౌంటే పోతుంది, దాంతోపాటు నిజాయితీగా సంపాదించిన ఆ 10 కూడా.