సినిమా సందేహాలు: ఇర్ఫాన్ ఖాన్, సీరియళ్లు, ప్రాంప్టింగ్

ప్రశ్న: ఇర్ఫాన్ ఖాన్ నేరుగా సినిమాల్లోకి వచ్చారా, సీరియళ్ల మీదుగానా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: సినిమాయే ముందు తలుపు తీసింది, వెంటనే వేసేసింది కూడా. 1984లో ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరిన ఆయన్ని, మీరా నాయర్ 'సలాం బాంబే' (1988)కి ఎంచుకున్నారు. తీరా వీధి పిల్లల పక్కన నిలబెడితే ఆరడుగుల మనిషి! పెద్ద పాత్ర పోయి, ఉత్తరాలు రాసిపెట్టేవాడి చిన్న వేషం మిగిలింది. ఆపైన పదేళ్లకు పైగా అన్నం పెట్టింది టీవీయే. 'చాణక్య'లో సేనాపతి భద్రశాలుడు, 'చంద్రకాంత'లో బద్రీనాథ్. ఆదివారం పొద్దున్నే దూరదర్శన్ ముందు కూర్చున్నవాళ్లకు ముఖం గుర్తే, పేరే తెలియదు. మలుపు 2001లో ఆసిఫ్ కపాడియా తీసిన 'ది వారియర్'. అందులో మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చిన 'పాన్ సింగ్ తోమర్' 2012లో విడుదలయ్యేసరికి, డ్రామా స్కూల్లో చేరి 28 ఏళ్లు.

ప్రశ్న: తెలుగులో చేశారా? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: గుణశేఖర్ తీసిన 'సైనికుడు' (2006)లో మహేష్ బాబుకి ఎదురు విలన్‌గా. సినిమా ఆడలేదు. ఆ ఏడాదే వచ్చిన 'ది నేమ్‌సేక్'లో బెంగాలీ తండ్రి కూడా ఆయనే. దర్శకురాలు మళ్లీ మీరా నాయరే!

ప్రశ్న: మూడేళ్లుగా సీరియల్స్ చేస్తున్నాను. సినిమా ఆడిషన్‌కి వెళ్తే 'సీరియల్ యాక్టింగ్' అని పంపేస్తున్నారు. ఏం మార్చుకోవాలి? (పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ముందు ప్రాంప్టింగ్ అలవాటు. సీన్ పేపర్ షాట్‌కి కాసేపటి ముందు చేతికొస్తుంది, అసిస్టెంట్ కెమెరా పక్కనుంచి డైలాగ్ అందిస్తుంటే మీరు అందుకుంటారు. గొంతు డబ్బింగ్ వాళ్లదైతే ఆ అతుకు తెలియదు. కానీ చెవి ప్రాంప్టర్ మీదుంటే ఎదుటి పాత్ర మాట చెవికెక్కదు. ప్రతి డైలాగ్‌కి ముందు చిన్న ఖాళీ వస్తుంది, కళ్లు ఆ గొంతు వైపు ఒక్క క్షణం జారతాయి. సీరియల్లో మ్యూజిక్ కప్పేస్తుంది, ఆడిషన్ క్లోజప్‌లో దొరికిపోతారు.

ఒక పేజీ సీన్ తీసుకోండి. రెండు రోజులపాటు ఏ భావమూ పెట్టకుండా, బట్టలు మడతపెడుతూ అప్పజెప్పండి. చేతులు ఆగుతున్నాయంటే డైలాగ్ ఇంకా రానట్టే. తర్వాత ఫోన్ కళ్ల ఎత్తులో పెట్టి, ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషిని లెన్స్‌కి జానెడు పక్కన నిలబెట్టండి. లుక్ ఆ మనిషి మీదే ఉండాలి, లెన్స్‌లోకి పోకూడదు. ఆ వీడియోని సౌండ్ తీసేసి చూడండి. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మీ కనుబొమలు ఎగిరిపడుతుంటే, వాళ్లు అన్న 'సీరియల్ యాక్టింగ్' అదే. రియాక్షన్ క్లోజప్‌లు విడిగా తీసీ తీసీ, వినకముందే ముఖం సిద్ధమైపోతుంది.

విరుగుడు కావాలంటే 'ది లంచ్‌బాక్స్' (2013)లో ఇర్ఫాన్ క్యారేజీ విప్పే సీన్లు చూడండి. ఎదుట మనిషి లేడు, డైలాగ్ లేదు. మూత తీస్తాడు, వాసన చూస్తాడు, అప్పుడు గానీ ముఖం మారదు. ముందు పని, దాని వెనక భావం.

అన్నట్టు, షూటింగ్ నుంచి అటే ఆడిషన్‌కి వెళ్లేట్టయితే ఓ పావుగంట ముందు చేరి మేకప్ కడిగేసుకోండి. సీరియల్ ఐలైనర్‌తో కూర్చుంటే, మీరు నోరు తెరవకముందే ఆ మాట అనేస్తారు.