ప్రపంచ సంక్షోభంలో అత్యవసర సరుకుల సరఫరాను చట్టం కాపాడగలదా?

కొంతవరకు కాపాడగలదు, అయితే సంక్షోభం ముంచుకొచ్చాక చేసే చట్టం కన్నా ముందే కుదుర్చుకున్న కట్టుబాట్లే ఎక్కువగా అక్కరకొస్తాయి. చమురు దిగుమతి చేసుకునే సభ్య దేశాలు కనీసం 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వలు ఉంచుకోవాలని 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ నియమం. దేశం లోపలైతే, ప్రభుత్వ ఆర్డర్లను ముందుగా పూర్తిచేయాలని కంపెనీలను ఆదేశించే అధికారాన్ని అమెరికాలో 1950 నాటి రక్షణ ఉత్పత్తి చట్టం ఇస్తుంది; 2020లో వెంటిలేటర్ల కోసం దాన్ని ప్రయోగించారు.

చిక్కంతా ఎగుమతి ఆంక్షల దగ్గరే. దేశాల మధ్య వాణిజ్యానికి నియమాలు పెట్టే గాట్ ఒప్పందంలోని 11వ అధికరణం వాటిని సాధారణంగా నిషేధిస్తూనే, ఆహారం వంటి అత్యవసర వస్తువులకు తీవ్రమైన కొరత ఏర్పడితే తాత్కాలికంగా అనుమతిస్తుంది, కానీ ఎన్నాళ్లన్న గడువు మాత్రం చెప్పదు. ఇది చిన్న లోపమేమీ కాదు. 2021 మార్చిలో ఆస్ట్రేలియాకు వెళ్లవలసిన సుమారు 2.5 లక్షల ఆస్ట్రాజెనెకా టీకా డోసులను ఇటలీ ఆపివేసింది కూడా చట్టబద్ధంగానే, అంటే యూరోపియన్ యూనియన్ ఆ ఏడాదే తెచ్చిన ఎగుమతి అనుమతి నిబంధన ఆధారంగానే. అందుకే కొనుగోలు ఒప్పందంలోనే సరఫరా తేదీలను, ఎవరికి ముందన్న వరుసను, జాప్యానికి చెల్లించవలసిన పరిహారాన్ని స్పష్టంగా రాసుకోవాలి.