జింకు పోతా, తగరం పోతా?

సందేహం: మేం డై కాస్టింగ్ పద్ధతిలో తలుపు పిడులు, పంపు భాగాలు తయారుచేస్తాం. తెలుగు వివరాల పత్రంలో జింక్‌ను 'తగరం' అనీ, అల్యూమినియాన్ని 'సత్తు' అనీ, డై కాస్టింగ్‌ను 'అచ్చు పోత' అనీ రాశారు. ఉంచవచ్చా?

సమాధానం: తగరాన్ని ముందు తీసేయండి. తగరం అంటే టిన్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేది దానితోనే. జింక్‌కు నిఘంటువుల్లో తుత్తునాగం, పాఠ్యపుస్తకాల్లో యశదం ఉన్నాయి గానీ, రేకులు కొనేవాడి నోట అది జింకే. అలాగే రాయండి. పైగా ఇది మాటతో పోయే తప్పు కాదు. పోతకు వాడే జమాక్ మిశ్రలోహంలో జింకుతో పాటు 4 శాతం అల్యూమినియం, రవంత మెగ్నీషియం ఉంటాయి. తగరం 0.003 శాతం దాటకూడదు. దాటితే, సీసం, కాడ్మియంలాగే, అది రేణువుల అంచుల్లో చేరుతుంది. తేమ తగిలితే వస్తువు లోలోపల తినేసుకుపోయి, ఉబ్బి, పగుళ్లిచ్చి, పొడి రాలుతుంది. 'తగరం పోత' అని చదివిన జాణ కొనుగోలుదారు సరుకు ముట్టుకోడు.

సత్తు వంటింటి మాట. సత్తు గిన్నెలు సరే, కానీ సత్తు రూపాయి చెల్లనిది కదా! అమ్మే వస్తువుకు ఆ వాసన ఎందుకు? అల్యూమినియం అనండి.

'పోత' మంచి మాట, పోత ఇనుములో ఎప్పటినుంచో ఉంది. 'అచ్చు' ఒక్కటే చాలదు. ఇసుక పోతకూ అచ్చుంటుంది, దాన్ని ప్రతిసారీ పగలగొడతారు. ఇక్కడ ఉక్కు అచ్చులోకి కరిగిన లోహాన్ని ఒత్తిడితో ఎక్కిస్తారు. కాబట్టి 'ఒత్తిడి పోత' అని, మొదటిసారి పక్కనే డై కాస్టింగ్ అని రాస్తే సరిపోతుంది.

హాట్ చాంబర్, కోల్డ్ చాంబర్ అనే యంత్రాల పేర్లను మాత్రం 'వేడి గది', 'చల్లని గది' అని మక్కికి మక్కి దించకండి. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని యంత్రంలో పంపు కరిగిన లోహంలోనే మునిగి ఉంటుంది. అల్యూమినియానికి 660 డిగ్రీలు కావాలి. కరిగాక అది ఇనుమునే తినేస్తుంది. అందుకే కొలిమి వేరుగా పెట్టి, ప్రతి పోతకూ గరిటెతో తెచ్చి పోస్తారు. 'మునిగిన పంపు యంత్రం', 'గరిటె పోత యంత్రం' అంటే పనివాడికి వెంటనే తెలుస్తుంది.

అచ్చుతప్పుల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా వెతకండి: పూత, పోత. 'జింకు పూత పిడి' అంటే లోపల ఇనుము, పైన జింకు పొర. 'జింకు పోత పిడి' అంటే మొత్తం జింకు మిశ్రలోహమే.